పచ్చ లైటు, పచ్చి కాయ

ఈమధ్య గుంటూరులో ఏ ఇంజనీరింగ్ కాలేజీ ముందు నుంచి ఆటోలో వెళ్లినా చిప్ డిజైన్ కోర్సు బోర్డు కనిపిస్తోంది. మా వీధి పిల్లలు నన్ను ఆపి మరీ అడుగుతున్నారు, "ఆంటీ, మీరు ఎన్ని నానోమీటర్ల మీద పనిచేశారు?" అని. మా రోజుల్లో పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టు ఇప్పుడు చిప్పులవాళ్లని నానోమీటర్లు అడుగుతారన్నమాట. చిప్పులో తీగ ఎంత సన్నదైతే అంత గొప్ప. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేసి రిటైరయ్యాను. చిన్నవాటి మీదా చేశాను లెండి, మరీ అంత తీసిపారెయ్యకండి. కానీ మీకు చెప్పాలనుకున్నది మాత్రం బాగా పాత రకం, బాగా లావు తీగల చిప్పు గురించి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చిప్పు గీయడమంటే నిజంగా గీయడమే. గళ్ల కాగితం, రంగు పెన్సిళ్లు. ఒక పొరకి ఆకుపచ్చ, ఇంకో పొరకి ఎరుపు, లోహపు తీగలకి నీలం. మా అమ్మాయి బొమ్మలకి రంగులేసే ఉద్యోగం చేస్తోందని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పింది. అందులో పెద్ద అబద్ధమూ లేదు. గీసిందాన్ని టేపు మీదికెక్కించి విమానంలో పరాయి దేశం ఫ్యాక్టరీకి పంపేవాళ్లం. అందుకే టేపు మొహం ఎరగని ఇప్పటి పిల్లలు కూడా డిజైన్ పంపించడాన్ని 'టేపవుట్' అనే అంటారు. తర్వాత కంప్యూటర్లే గీయడం మొదలుపెట్టాయి. చిప్పులో వేలల్లో ఉండే ట్రాన్సిస్టర్లు లక్షలయ్యాయి, లక్షలు కోట్లయ్యాయి. ఒక ఏడాది కంపెనీలు మమ్మల్ని పిలిచి పీట వేసేవి, మరుసటి ఏడాది బాక్సు సర్దుకోమనేవి. మిర్చి రేటు ఎగిరిపడే ఇంట్లో పుట్టిన దాన్ని కాబట్టి నాకు ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని రాలేదు.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. హైదరాబాదు, బెంగళూరు అంతా తిరిగి, రిటైర్మెంటుకి ఇంకో రెండేళ్లుందనగా గుంటూరు చేరాను. కరోనా పుణ్యమా అని అందరం ఇళ్ల నుంచి పనిచేయడం అలవాటైంది కదా, అది చూసి మా కంపెనీ గుంటూరులో ఒక చిన్న ఆఫీసు తెరిచింది. నాతో కలిపి పదకొండు మందిమి. ఆఫీసున్న ఇంటి ఓనరు ఆదివారమల్లా తుళ్లూరు వెళ్లి, ఆగిపోయిన రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయేమో చూసొచ్చేవాడు. సోమవారం పొద్దున్నే వచ్చి, "మీరు మంచి టైములో దిగారండీ, రేపో మాపో ఇక్కడ గజం జాగా దొరకదు" అని బెదిరించి వెళ్లేవాడు.

అప్పుడే చిప్పుల కరువొచ్చింది. పెద్ద పెద్ద కార్ల కంపెనీలు కూడా చిన్నాచితకా పాత రకం చిప్పులు దొరక్క నోరెళ్లబెట్టి కూర్చున్నాయి. పాత రకాన్ని చిన్నచూపు చూసినవాళ్లంతా మళ్లీ దాని గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ గాలిలోనే మాకూ ఒక పని దొరికింది. మిర్చి బస్తాలో తేమ ఎంతుందో చెప్పే పరికరం, దానికో చిప్పు. మా యార్డులో మిర్చి బస్తాని టిక్కీ అంటారు. ఆ టిక్కీలోకి ఇనప కడ్డీ గుచ్చితే, కాయ ఆరిందో లేదో లైటు వెలిగి చెప్పాలి. అంతకంటే ఏమీ లేదు.

బెంగళూరులో మా పైన ఒక పెద్దాయన ఉండేవాడు. తెలుగువాడే కానీ ఆఫీసులో తెలుగు మాట్లాడితే పని చెడుతుందని గట్టి నమ్మకం. ఆయన మొదటి రోజే తేల్చి చెప్పేశాడు. ఈ చిప్పు యార్డులో పాసైతే గుంటూరు ఆఫీసు ఉంటుంది, లేదంటే మూసేస్తారు. బెంగళూరు రాగలిగినవాళ్లు రావచ్చు, రాలేనివాళ్లు మానుకోవచ్చు. నా సంగతి సరే, ఎలాగూ పోయేదాన్నే. మిగతా పదిమందీ ఊరొదిలి పోలేకే ఈ ఉద్యోగంలో చేరారు. ప్రత్తిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఉంది, మిర్చి రైతు కూతురు, చేరి ఏడాదన్నా కాలేదు. చీరాల నుంచి రైల్లో వచ్చే లేఅవుట్ ఆయన ఉన్నాడు. చిప్పులో ఏది ఎక్కడ కూర్చోవాలో, ఏ తీగ ఎటు పోవాలో అమర్చడం ఆయన పని. నేతపని ఇంట్లో పుట్టినవాడు, ఇరవై ఏళ్లు బెంగళూరులో ఉండి, ఇంక చాలని ఇంటికొచ్చాడు. ఎవరేం చెప్పినా "అట్టాగే" అనడం తప్ప వేరే మాట పెద్దగా మాట్లాడడు.

పరికరం చవగ్గా ఉండాలన్నారు కాబట్టి చిప్పులో ప్రోగ్రామూ గీగ్రామూ ఏం పెట్టలేదు. ఏ లైటు ఎప్పుడు వెలగాలో తీగల్లోనే రాసేశాం, ఒకసారి చేశాక మార్చడానికి లేదు. కాయ ఆరితే పచ్చ లైటు, తేమ ఉంటే ఎర్ర లైటు. కడ్డీ సరిగ్గా దిగకపోయినా, బ్యాటరీ తగ్గినా, స్విచ్ వేసి ఇంకా గుచ్చకపోయినా కూడా ఎర్ర లైటే. అనుమానమొస్తే ఎరుపే చూపించమని మా వృత్తిలో మొదటి నుంచీ నేర్పుతారు. నేనూ అదే నేర్చుకున్నాను, అదే నేర్పాను.

డిజైన్ పంపేముందు అందరం కూర్చుని తప్పులు వెతికే సమావేశాన్ని రివ్యూ అంటాం. అది ఎప్పుడూ ఇంగ్లీషులోనే. ప్రత్తిపాడు అమ్మాయి లేచి, రైతులకి గ్రీన్ లైటు అర్థమవుతుందా మేడమ్ అని ఇంగ్లీషులో తడుముకుంటూ అడిగింది. ఇంకేదో చెప్పబోయి మాట దొరక్క ఆగింది. నాకు అప్పటికే ఆకలేస్తోంది. "ఏమ్మా, మీ ఊళ్లో ట్రాఫిక్ సిగ్నల్ చూడనివాళ్లు ఉన్నారా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. అయినా తన ప్రశ్నని ఫైల్లో ఒక లైనుగా రాసి పెట్టింది. దాని పక్కన నేను 'నాట్ అప్లికబుల్' అని కొట్టి సంతకం పెట్టాను.

అదే రోజు ఇంకో ఘనకార్యం కూడా చేశాను. చిప్పులో ఏ పనీ లేని కొన్ని గేట్లు అక్కడక్కడా వదిలిపెట్టడం మా వాళ్లకి అలవాటు. గేట్లంటే అవునో కాదో తేల్చే బుల్లి సర్క్యూట్లు. తర్వాత ఎప్పుడైనా తప్పు బయటపడితే కింది పొరలు ముట్టుకోకుండా, పైనుండే తీగల పొర ఒక్కటి మార్చి ఆ ఖాళీ గేట్లని పనిలోకి దించొచ్చు. ఇంత చిన్న చిప్పుకి అవన్నీ దండగనిపించింది నాకు. తీసెయ్యమని లేఅవుట్ ఆయనకి చెప్పాను. "అట్టాగే మేడమ్ గారూ" అన్నాడు.

చిప్పులొచ్చాయి. ఆఫీసులో పరీక్ష చేస్తే ముత్యాల్లా పనిచేశాయి. మార్చి నెలలో, సీజను మంచి ఊపు మీదున్నప్పుడు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు ముందు పరీక్ష పెట్టుకున్నాం. బెంగళూరు నుంచి పెద్దాయన తెల్ల చొక్కా వేసుకుని దిగాడు. యార్డు గేటు దాటగానే ఘాటుకి తుమ్ములు మొదలై, పాపం, నమస్కారం పెట్టినవాళ్లందరికీ తుమ్ముతోనే జవాబిచ్చాడు.

పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు టిక్కీలు ముందున్నాయి. మంచి తేజ రకం. కాయ తీసి చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. ఇంతకంటే ఆరిన కాయ ఉండదని నాకే తెలిసిపోయింది. ధైర్యంగా కడ్డీ గుచ్చాను. పచ్చ లైటు వెలిగింది. నేను అందరి వైపూ తిరిగి నవ్వాను.

ఆ రైతు మాత్రం నవ్వలేదు. "ఏందమ్మా ఇది? పచ్చి అంటంది? కల్లంలో తిరగేసి తిరగేసి ఇరవై రోజులు ఎండబెట్టిన కాయ ఇది!"

"పచ్చి కాదు బాబాయ్, పచ్చ లైటు. పచ్చ వెలిగితే బాగుందని."

"పచ్చ బాగుంటే ఇంక మేం ఎండబెట్టడం దేనికమ్మా? చెట్టు మీంచి కోసుకొచ్చి అట్నే అమ్ముకుంటాం గదా!"

కొట్టు ముందు జనమంతా గొల్లుమన్నారు. ఈలోగా పక్క టిక్కీలో గుచ్చితే ఎర్ర లైటు వెలిగింది. ఆ టిక్కీ తాలూకు కుర్ర రైతు ఎగిరి గంతేశాడు. "చూశావా బాబాయ్! నా కాయ ఎర్రగా ఎండిందని మిషనే చెప్పింది!"

"నోర్ముయ్యరా. నీ కాయ పిండితే నీళ్లు కారతయ్" అన్నాడు పెద్ద రైతు.

నాకు అప్పటికి లైటు వెలిగింది. పచ్చ, పచ్చి. పుట్టిన దగ్గర్నుంచీ నోట్లో ఉన్న మాటలు. మిర్చి మనిషికి ఎరుపంటే కష్టం పండినట్టు, పచ్చదనం అంటే ఇంకా పనుందని. కల్లంలో కాయలు తిరగేస్తూ పెరిగిన నేను, ఆ ముక్క మర్చిపోయి ట్రాఫిక్ సిగ్నల్ పట్టుకు వేలాడాను.

కొట్టు గుమాస్తా తెలివైనవాడు. "దానికేముంది మేడమ్, బల్బులు అటూ ఇటూ మార్చెయ్యండి" అన్నాడు. నిజమే కదా! ప్రాణం లేచొచ్చింది. గేటు బయట సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో కూర్చుని అరగంటలో లైట్లు తారుమారు చేయించి పరుగున వచ్చాం. పెద్ద రైతు చేతికే ఇచ్చాం ఈసారి. ఆయన స్విచ్ వేశాడు. వెయ్యగానే పచ్చ లైటు వెలిగింది.

"ఓసినీ! ఇంకా గుచ్చనే లేదు, అప్పుడే పచ్చి అంటంది. అచ్చం మా అల్లుడే. కూర నోట్లో పెట్టుకోకముందే బాగాలేదంటాడు."

ఈసారి జనం నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు. అనుమానమొస్తే ఏ లైటు వెలగాలని రాశామో, బల్బులు మార్చేసరికి ఇప్పుడు అదే 'పచ్చి' లైటయింది. బ్యాటరీ చచ్చిపోతున్నా కాయ పచ్చి అంటుంది, కడ్డీ గాల్లో ఉన్నా పచ్చి అంటుంది, ఎండిన కాయకి రేటు పోతుంది. అలాంటి అబద్ధాలకోరుని ఏ రైతు చేతిలో పెట్టగలం? పక్కన ఇంకో చిప్పు పెట్టి సరిచేస్తే పరికరం చవగ్గా ఉండదు. తప్పు చిప్పు లోపలే ఉంది, అక్కడే దిద్దాలి. పెద్దాయన రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, రేపు పదింటికి ఫోన్లో మాట్లాడదామని చెప్పి కారెక్కాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ప్రత్తిపాడు అమ్మాయి నా పక్కనే కూర్చుంది. నా సంచీ కూడా తనే పట్టుకుంది. రెండు తిట్టినా బాగుండేది. చివరికి నేనే అడిగాను. "రివ్యూలో నువ్వు చెప్పబోయింది ఇదేనా అమ్మాయ్?"

"ఇదే మేడమ్."

"మరి గట్టిగా చెప్పొద్దూ?"

"ఇంగ్లీషులో ఎట్టా చెప్పాలో తెలీలేదు మేడమ్. తెలుగులో పచ్చ, పచ్చి ఒకే ఇంటివి గదా. ఇంగ్లీషులో ఆ రెండిటికీ చుట్టరికమే లేదు."

ముప్పై ఏళ్ల సర్వీసులో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

మర్నాడు పదింటికి పదకొండు మందిమీ ఫోను చుట్టూ చేరాం. ఎవరూ టిఫిను తిన్నట్టు లేరు. పెద్దాయన గొంతు ప్రశాంతంగానే ఉంది, దానికే నాకు భయమేసింది. "రివ్యూలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదా?" అని అడిగాడు.

ఆ ఫైలు ఆయన తెరిచి చూడడని నాకు తెలుసు. తట్టలేదు సార్ అంటే సరిపోయేది. పరువు నిలబడేది, మిగిలిన సర్వీసు గౌరవంగా గడిచి పూలదండతో బయటపడేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ ఆ అమ్మాయి ఎదురుగా తల వంచుకుని కూర్చుంది. నన్ను చూస్తే ఎక్కడ నేను ఇబ్బంది పడతానో అని వంచుకుంది తల.

"తట్టింది సార్. మా ఆఫీసులో అందరికంటే చిన్నమ్మాయికి తట్టింది. అడిగింది కూడా. నేనే వెటకారం చేసి నోరు మూయించాను. ఫైల్లో 'నాట్ అప్లికబుల్' అని రాసి సంతకం పెట్టింది నేనే" అన్నాను.

"మొత్తం చిప్పు మళ్లీ మొదటి నుంచి చేయాలా?" అన్నాడు.

"చేయాలి సార్."

"అంత టైము కస్టమర్ ఇవ్వడు. అలాగైతే గుంటూరు సంగతి..."

అప్పుడు చీరాల ఆయన దగ్గాడు. "సార్, మొదటి నుంచీ అక్కర్లేదనుకుంటా. ఖాళీ గేట్లున్నయ్యి."

నేను ఉలిక్కిపడ్డాను. "ఎక్కడున్నాయి? తీసెయ్యమన్నాను కదా?"

"మూలల్లో కాస్త జాగా మిగిల్తే అక్కడ సర్దానండీ. మా ఇంట్లో మగ్గం పక్కన నాలుగు పోగులు వేలాడుతుంటేగానీ మా నాన్న నేత మొదలుపెట్టడు. తెగితే అతకాలిగా మరి."

"ఆ రోజు అట్టాగే అన్నారే!"

"అన్నానండీ. చేస్తానన్లేదు గదా."

ఫోను అవతల నవ్వు వినబడింది. ఆ పెద్దాయన నవ్వడం మేమెవరం అంతకుముందు వినలేదు. నాకు ఒళ్లు మండాలో, లేచి చీరాల ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలో తెలియలేదు. రెండూ కలిపి ఆయన్ని గుడ్లురిమి చూశాను.

ఆరితే ఎరుపు, తేమ ఉంటే పచ్చ. అంతవరకూ తేలిపోయింది. అనుమానమొస్తే ఏం చూపించాలన్నది తేలలేదు. రెండు లైట్లూ వెలిగిద్దామని ఒకరు, ఒకే లైటుని ఆర్పుతూ వెలిగిద్దామని ఒకరు. నేను ఈసారి నోరు కట్టేసుకుని ఆ అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వు చెప్పమ్మా. తెలుగులోనే చెప్పు."

"ఏదీ వెలగక్కర్లేదు మేడమ్. తెలీనప్పుడు ఊరుకుంటే సరిపోద్ది" అంది.

దానికి ఎన్ని గేట్లు కావాలో లెక్క వేస్తే చీరాల ఆయన దాచినవాటిలో ఇంకా మూడు మిగిలాయి. పెద్దాయన ఒక్క అవకాశం ఇచ్చాడు, అది కూడా తెలుగులో ఇచ్చాడు. తీగల పొర మార్చే పనిలో మేమంతా తలమునకలయ్యాం. మీరు ఇప్పుడు వాడుతున్న ఏఐ టూళ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మాకు ఒకటిచ్చారు. తీగలు ఎలా తిప్పాలో క్షణంలో చూపించింది, కాదనను. పచ్చ అంటే పచ్చి అన్న సంగతి మాత్రం దానికీ మేమే చెప్పాల్సొచ్చింది.

కొత్త చిప్పులు వచ్చేసరికి యార్డుకి వేసవి సెలవులు కూడా అయిపోయాయి. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు అమ్మడానికి ఆ పర్చూరు పెద్ద రైతు మళ్లీ వచ్చాడని గుమాస్తా కబురు చేశాడు. ఆఫీసుకి తాళం వేసి అందరం వెళ్లాం. తాళం వేస్తుంటే, మళ్లీ తీస్తామో లేదో అని ఎవరో అన్నారు. పరికరం అమ్మాయి చేతిలో ఉంది. ఆయన చేతికిచ్చింది. స్విచ్ వేశాడు. ఏమీ వెలగలేదు.

"చచ్చిందా ఏంది?" అన్నాడు.

"లేదు తాతా. ఇంకా కాయ చూళ్లేదు గదా, అందుకే మాట్లాడట్లా."

ఆయన అనుమానంగా చూస్తూ టిక్కీలోకి గుచ్చాడు. ఎర్ర లైటు. ఇంకో టిక్కీ, ఎర్ర లైటు. పక్కన మగ్గుతో నీళ్లు చల్లి ఉంచిన టిక్కీలో గుచ్చాడు. పచ్చ లైటు వెలిగింది. పరికరాన్ని పైకెత్తి ఇటూ అటూ తిప్పి చూసి, కొట్టు లోపలికి వినబడేలా అరిచాడు.

"ఒరేయ్, దీనికి తెలుగొచ్చిందిరా!"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిర్చి ఘాటని చెప్పుకున్నాను, ఎవరూ నమ్మలేదు. ఆ సాయంత్రమే బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. గుంటూరు ఆఫీసు ఉంటుంది, ఇంకో పని కూడా పంపిస్తున్నాం, కాస్త కష్టమైంది అన్నారు. హాల్లోకి వెళ్లి చెప్పాను. కుర్చీలు జరిగిన చప్పుడుకి కింద నుంచి ఇంటి ఓనరు పరుగెత్తుకొచ్చాడు. సందడి తగ్గాక ప్రత్తిపాడు అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఈసారి రివ్యూ తెలుగులో పెట్టుకుందామా?" అని అడిగింది. నాట్ అప్లికబుల్ అనడానికి నాకు నోరెక్కడిది?

ఆ కొత్త చిప్పుకి మొదటి రివ్యూ ఒక సోమవారం పెట్టాం. నేను బోర్డు మీద నా డిజైన్ గీసి, చేతులు దులుపుకుని, ఎవరైనా ఏమైనా అంటారా అన్నాను. ఇంగ్లీషులో అయితే గుడ్ మేడమ్, నైస్ మేడమ్ అని ఊరుకునేవాళ్లు. ఆ రోజు పదిమందీ మీద పడ్డారు. "ఇట్టా పెడితే ఎట్టా మేడమ్?" అని ఒకరు, "అసలు ఈ ముక్క ఎందుకండీ ఇక్కడ?" అని ఒకరు, "మేడమ్, ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టి కడిగి ఆరేసినవాళ్లు ఇద్దరు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి నేను గీసిందాంట్లో సగం తుడిచేశారు. అన్నం తింటున్నంతసేపూ మూతి ముడుచుకునే కూర్చున్నాను.

నా సర్వీసు మొత్తంలో మళ్లీ దిద్దాల్సిన పని లేకుండా మొదటిసారికే పాసైన చిప్పు అదొక్కటే.